చీకటి పడితే వినిపించే ఊరు

కోవెంట్రీలో చలికాలం సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయేది. ఆ చీకటంటే నాకు ఒళ్ళు మంట. మా ఎదురుగది స్పెయిన్ నర్సు మాత్రం పొద్దున్నుంచీ దానికోసమే కాచుకుని ఉండేది. చీకటి పడితేగాని వాళ్ళ ఊరు రేడియోలో వినిపించదు మరి.

ఇప్పటి సంగతి కాదు, కొత్త శతాబ్దం మొదలైన రోజులు. నేను అప్పుడే ఇంగ్లండ్ వచ్చిన జూనియర్ డాక్టర్ని. హాస్పిటల్ క్వార్టర్స్‌లో మా అంతస్తు మొత్తానికి ఒకటే వంటగది, కారిడార్ చివర ఒకటే ఫోను. డ్యూటీల రోటా ప్రకారం ఎవరు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో తెలిసేది కాదు. మా ఇద్దరికీ పగటి డ్యూటీ లేని రోజుల్లో మాత్రం సాయంత్రాలు వంటగదిలో కలిసేవాళ్ళం.

మొదటిసారి చూసినప్పుడు ఆ అమ్మాయి చిన్న ట్రాన్సిస్టర్ పట్టుకుని వంటగదంతా తిరుగుతోంది. ఒకచోట ఆగుతుంది, దాన్ని ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది, చెవి దగ్గర పెట్టుకుంటుంది. చూసి చూసి నాకు ఓపిక నశించింది. రేడియో చేతిలోంచి తీసుకుని, గదిలోంచి నర్సాపురం లేసు గుడ్డ తెచ్చి ఫ్రిజ్ మీద పరిచి, దానిమీద పెట్టాను. మా ఇంట్లో రేడియో ఉండేది అక్కడే, ఇంకెక్కడ ఉంటుంది? అంతలో ఫ్రిజ్ గుర్రుమంది. స్టేషన్ కాస్తా బర్రుమనే మోతలో కలిసిపోయింది. ఆ అమ్మాయి రేడియోనీ, లేసునీ కూడా తీసుకెళ్ళి కిటికీ గట్టుమీద పెట్టుకుంది. ఆ లేసు మళ్ళీ నా గదికి రాలేదు.

వాళ్ళది ఉత్తర స్పెయిన్‌లో ఒక చేపల రేవు. అక్కడి స్టేషన్ పగలు పక్క ఊరి కొండ కూడా దాటదట. పొద్దుగూకాక అదే సిగ్నల్ ఆకాశం దాకా ఎగిరి, అక్కణ్ణించి కిందికి తిరిగి, సముద్రం ఇవతల ఎక్కడెక్కడో దిగుతుందట. మా వంటగది కిటికీలో కూడా దిగేది. ట్యూబ్‌లైట్ వేస్తే రేడియోలో గోల కాబట్టి, దీపం లేకుండానే కూర్చునేవాళ్ళం. నా గిన్నెలో అన్నం ఉడుకుతూ ఉండేది. ఒక మగగొంతు దగ్గరకొచ్చేది, సన్నగిల్లేది, పూర్తిగా పోయిందనుకునేలోపు మళ్ళీ వచ్చేది. నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఆ గొంతు వింటుంటే తడిసిన వలలూ, ఉప్పుగాలీ, ఎవరో తలుపులు వేసుకోవడం, అన్నీ నాకు కనిపించేవి. ఒక్కోసారి అది మా నర్సాపురమో, వాళ్ళ రేవో తెలిసేది కాదు. ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

"ఏం చెప్తున్నాడు?" అని ఒకరోజు అడిగాను.

"గాలి ఎటునుంచి వస్తోంది, అలలు ఎంత ఎత్తు, రేపు వాన ఉందా లేదా. అంతే."

"గొంతు బావుంది. ఎవరాయన?"

"మా నాన్న."

గరిటె చేతిలోనే ఉండిపోయింది నాకు. వాళ్ళమ్మ ఎప్పుడో పోయింది. కూతురు ఇంగ్లండ్‌లో ఉద్యోగం చూసుకుంటే, "పోతే పో, ఇక నాతో మాట్లాడకు" అన్నాడట ఆయన. ఈమె మాట్లాడ్డం మానేసింది. ఇద్దరిదీ ఒకటే మొండితనం. తన స్టేషన్ ఇంత దూరం వస్తుందని గాని, కూతురు రోజూ వింటోందని గాని ఆయనకి తెలియదు.

వాతావరణం అయ్యాక ఆయన ఫోన్లు తీసుకుని అడిగినవాళ్ళకి పాటలు వేసేవాడు. అది తెలిశాక నేను ఊరుకుంటానా? రేడియోకి ఫోన్ చేసి ఇంటిల్లిపాది పేర్లూ చదివి పాట అడగడానికి మా వాళ్ళు పెట్టింది పేరు. "నువ్వు చెయ్యకపోతే నేను చేస్తా" అన్నాను.

"వద్దు. నా పేరు విని ఆయన ఫోన్ పెట్టేస్తే ఊరంతా వింటుంది. ఆ తర్వాత నేను ఈ రేడియో కూడా పెట్టుకోలేను" అంది. నాకున్నది ఈ గొంతు ఒక్కటే, అదీ పోగొట్టకు అన్నట్టు చూసింది. నేను నోరు మూసుకున్నాను.

తర్వాత ఆయనకి దగ్గు పట్టుకుంది. రోజూ అలల ఎత్తుకీ వాన కబురుకీ మధ్య దగ్గేవాడు. డాక్టరూ నర్సూ ఇద్దరం ఆ గరగరలోంచే, అది పొడిదగ్గా, కఫమా అని చెవులు రిక్కించి వినేవాళ్ళం. నేను పొడిదగ్గన్నాను, ఆమె కాదంది. ఒక సాయంత్రం దగ్గు ఎంతకీ ఆగలేదు. పాట వేసేశాడు. ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ స్టేషన్ ఫోన్ నంబరు మెల్లగా చెప్పింది.

ఫోన్‌కార్డు పట్టుకుని కారిడార్‌లోకి పరిగెత్తాను. ముందు స్టేషన్‌లో ఒక అమ్మాయి ఎత్తి, నా నంబరు రాసుకుని, లైన్ కలిపింది. నా గొంతు వంటగది రేడియోలోంచి నాకే వినిపిస్తోంది. "హలో అండీ, కోవెంట్రీ నుంచి. మీ ప్రోగ్రాం రోజూ వింటాం" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, మన పద్ధతిలో నా పేరూ, పక్కగది డాక్టరు పేరూ, ఆ చివరగది ఫిజియోథెరపిస్టు పేరూ చెప్పుకుంటూ వచ్చాను. వాళ్ళిద్దరూ ఆ రేడియో మొహం కూడా చూసి ఉండరు. ఆఖర్న ఆమె పేరు చెప్పాను.

అటునుంచి ఏమీ లేదు. వంటగదిలో రేడియో కూడా నిశ్శబ్దంగా ఉంది.

"మా స్టేషన్ అక్కడికి వస్తుందా?" అన్నాడు చివరికి, ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ.

"చీకటి పడ్డాక వస్తుందండీ."

పాట వచ్చింది. నేను వంటగదిలోకి వెళ్ళేసరికి ఆమె లేసు అంచు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది. "ఫోన్ పెట్టెయ్యలేదు" అంది.

మర్నాడు సాయంత్రం వాళ్ళ రేవు వాతావరణం అయింది, పక్క ఊరిది అయింది, కొండ మీద పల్లెలది అయింది. తర్వాత "కోవెంట్రీ" అన్నాడు. ఆ ప్రోగ్రాంలో నాకు అర్థమైన మొదటి మాట అదే. రెండో మాటకి ఆమె అర్థం చెప్పింది, వాన. బయట చూస్తే చినుకు లేదు, గడ్డి మీద మంచు పేరుకుని ఉంది. ఆ తర్వాత కూడా రోజూ కోవెంట్రీలో వానే. ఇంగ్లండంటే వాన తప్ప ఇంకేం ఉంటుందనుకున్నాడు పాపం. "మళ్ళీ తప్పు చెప్పాడు" అని ఆమె విసుక్కునేది, మర్నాడు అదే తప్పు వినడానికి అందరికంటే ముందే వచ్చి కూర్చునేది. ఆ రేవులో పడవలవాళ్ళు మా ఊరి వాన గురించి ఏమనుకునేవాళ్ళో నాకు తెలియదు.

వసంతం వచ్చింది. అందరూ కోట్లు విప్పి ఎండలో కూర్చున్నారు. ఆమె మొహం మాత్రం వాడిపోయింది. పొద్దు పోను పోను సాగింది, చీకటి పడేసరికి ఆయన ప్రోగ్రాం అయిపోయేది. ఆ వేళకి రేడియో పెడితే ఉత్త గరగర. అయినా పెట్టేది. నాకు చెడ్డ దిగులేసేది.

అలాంటి ఒక సాయంత్రం, కిటికీ నిండా ఎండ ఉండగా, కారిడార్‌లో ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. దగ్గు లేదు, గొంతు మాత్రం అదే. ఆ ఒక్క ఫోన్ తప్పిస్తే, ఇంత దగ్గరగా, గరగర లేకుండా, ఎప్పుడూ వినలేదు.

"కోవెంట్రీలో ఈరోజు వాతావరణం ఎలా ఉంది? ప్రోగ్రాంలో చెప్పాలి" అన్నాడు, ఎన్నిసార్లో వల్లించుకున్నట్టు.

వంటగదిలోకి కేకేశాను. ఆమె వచ్చి ఫోన్ చెవికి పెట్టుకుంది. అటునుంచి మళ్ళీ అదే ప్రశ్న. ఫోన్ తీగ అందినంత వరకూ వెనక్కి జరిగి, వంటగది గుమ్మంలోంచి కిటికీ వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. బయట గడ్డి మెరిసిపోతోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు.

వాన పడుతోందని చెప్పింది.