తోడు లేనిదే ముద్ద దిగని వరమ్మత్త

మా వరమ్మత్తకు ఒంటరిగా కూర్చుంటే ముద్ద దిగదు. కొత్వాల్‌గూడలో ఈ సంగతి తెలియని కుక్క కూడా లేదు. మా వెనక వీధిలోనే ఉంటుంది, అమ్మకు వరసకు వదిన. పొద్దెక్కగానే స్టీలు క్యారియర్ పట్టుకుని బయల్దేరి ఎవరింట్లోనో కూర్చుని తినాల్సిందే.

మనిషి చూస్తే చీపురుపుల్ల. తినడం మొదలుపెడితే మాత్రం ఆ చప్పుడు వాకిలి దాటి వినిపిస్తుంది. నెత్తిమీద విమానం దిగుతున్నా ఆ చప్పుడే గెలుస్తుందని పక్కనున్న ఎయిర్‌పోర్టుకు క్యాబ్‌లు నడిపే మేమంతా నవ్వుకునేవాళ్లం. ఇంకో చిత్రమేమిటంటే, ఆమెకు ఎప్పుడూ ఊయల కట్టిన ఇళ్లలోనే ఆకలేసేది. పసిపిల్లలంటే ముచ్చట కాబోలు అనుకున్నాం.

మొన్న వేసవిలో నా భార్య జూలీకి పాప పుట్టింది. అమ్మ వెంటనే మా నాయనమ్మ నాటి పథ్యం బయటికి తీసింది. అన్నం, ఎల్లిపాయ కారం, అంతే. పప్పు తింటే పాపకు కడుపునొప్పట, నీళ్లు తాగితే బాలింతకు పొట్టట. ఒకరోజు జూలీ పాపను ఎత్తుకుని లేవబోయి, కళ్లు తిరిగి ఊయల తాడు పట్టుకుంది. ఇద్దర్నీ దవాఖానకు తీసుకెళ్లాను. నర్సమ్మ పాపను తూచి బాగానే ఉందంది. జూలీ కనురెప్ప కిందికి లాగి చూసి మాత్రం మొహం చిట్లించింది.

"పిల్ల తనకు కావాల్సింది తల్లి ఒంట్లకెళ్లి గుంజుకుంటది అన్నా. ఈమెకు తిండి లేకుంటే ఈమెనే కరిగిపోతది. పప్పు, ఆకుకూర, గుడ్లు పెట్టు. దూపైనప్పుడల్లా నీళ్లియ్యి."

ఇంటికొచ్చి అమ్మకు అదే చెప్పాను. పోయి మీ నాయనమ్మ ఫొటోకు చెప్పుకో అంది.

మర్నాడే వరమ్మత్త క్యారియర్‌తో దిగింది.

"వదినె, నీ కోడలి కాడ కూసొని తింట. ఒక్కదాన్నే తింటే దిగదని ఎరికే గద. జర చెంబెడు నీళ్లియ్యి."

తలుపు మూసుకుంది. చప్పుడు మొదలైంది. రోజూ ఇదే తంతు. ఒక్క మనిషికి ఇన్ని నీళ్లెందుకని సణుగుతూనే అమ్మ చెంబు నింపిచ్చేది. పథ్యంలో మాడుతున్న పిల్ల ముందు కూర్చుని అంత రుచిగా తినడానికి మనసెలా ఒప్పిందా అని నాకు ఒళ్లు మండేది. జూలీని అడిగితే, తిననీ పాపం అని నవ్వేది. ఇక లాభం లేదు, ఇవాళ ఆమెను పంపించేయాల్సిందేనని తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

జూలీ పాలకూర పప్పుతో జొన్నరొట్టె తింటోంది. పక్కన రెండు గుడ్లు. వరమ్మత్త పాపను ఒళ్లో వేసుకుని ఉత్త నోటితో చప్పుడు చేస్తోంది. చెమటలు కారుతున్నా ఆపడం లేదు.

"నేను ఇంట్ల తినే వచ్చిన," అంది దవడలకు కాస్త విశ్రాంతినిచ్చి. "ఒక్కదాన్నే తిన్న. మంచిగనే దిగింది. ఇగ తలుపెయ్యి."

నాకు సిగ్గూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. బయటికొస్తే ఎదురుగా అమ్మ. ఏం చెప్పి కప్పిపుచ్చాలా అని తడబడుతుంటే, ఒక చేతికి నిండు చెంబు, ఇంకో చేతికి వేడి పప్పు గిన్నె ఇచ్చింది.

"మీ నాయినమ్మ మాట నేను తియ్యలేను. పప్పు జర ఎక్కువైంది, వదినెను తినమను," అంది. "మెల్లగ నమలమని చెప్పు. నువ్వు పుట్టినప్పుడు గూడ గింతే సప్పుడు చేసింది."