బోరు లోతు ఎవరికీ చెప్పరు

మొన్న గుంతకల్లులో మా వీధి చివరి మందుల షాపుకు బీపీ మాత్రల కోసం వెళ్లాను. షాపతను చీటీ చూస్తుండగా అతని కంప్యూటర్ తెర ఒక్కసారిగా ఎర్రబడింది. నా చెయ్యి దానంతటదే గోడకున్న స్విచ్చు కోసం తడుముకుంది. "ఏం కాలేదు సార్, టానిక్ కంపెనీవాళ్ల పండగ ఆఫరంట" అని అతను నవ్వాడు. మాత్రలు ఇంటికి తెచ్చుకుందామని వెళ్లినవాణ్ణి అక్కడే నీళ్లడిగి ఒకటి మింగి వచ్చాను. సర్వీసంతా రైల్వే ఆఫీసు కంప్యూటర్ల మధ్య గడిపిన మనిషి టానిక్ ప్రకటనకు హడలిపోవడం నవ్వులాటే, కాదనను. కానీ కదిరిలో మా వదిన అంగడిలో ఒక విజయదశమి పొద్దున జరిగింది వింటే మీకూ కొంచెం భయం వేస్తుంది.

మా అన్నా వదినలది బోరు మోటార్ల అంగడి. కొత్త మోటార్లు అమ్మడం, కాలిపోయినవాటికి వైండింగు చేయించడం, మనుషుల్ని పంపి పల్లెల్లో బోర్లలోకి దింపించడం, ఇదీ వ్యాపారం. అంగడి ముందు ఎప్పుడూ గ్రీసు, కాలిన రాగి తీగ కలిసిన వాసన వేసేది. మా వైపు రైతు ఒక విచిత్రమైన మనిషి. ఇంట్లో గొడవలు చెబుతాడు, ఓటు ఎవరికి వేశాడో చెబుతాడు, ఆపరేషన్ కుట్లను బస్సులో చొక్కా ఎత్తి మరీ చూపిస్తాడు. తన బోరు లోతెంతో, దింపే పైపుల లెక్కన ఎన్నో పైపు దగ్గర నీళ్లున్నాయో మాత్రం ప్రాణం పోయినా చెప్పడు. చెబితే దిష్టి తగులుతుందని సగం భయం, పక్కచేనివాడు అంతకన్నా లోతు వేయించి ఊటంతా లాగేసుకుంటాడని మిగతా సగం. మోటారు అంగడివాళ్లకు మాత్రం దాచి లాభం లేదు కాబట్టి చెప్పేవాళ్లు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఏ బోర్లో ఎక్కడ రాయి జారింది, ఏ బోరు అడుగున పాత మోటారు ఇరుక్కుని ఉంది, అంతా మా అన్న తలలో ఉండేది. రైతులు వేరే అంగడికి పోకపోవడానికి కారణం అన్న మంచితనం కాదు, అన్న తల.

ఆ తలకు జబ్బు చేసింది. డాక్టర్లు పెదవి విరిచాక అన్న మంచం మీద పడుకుని ఒక్కో బోరు గురించి చెబుతుంటే వదిన కంప్యూటర్లో ఎక్కించింది. ఆ కంప్యూటర్ పెట్టించింది నేనే. రిటైరైన కొత్తలో చిన్న అంగళ్లవాళ్లకు సాయంత్రాలు కంప్యూటర్ గురించి ఉచితంగా పాఠాలు చెప్పేవాణ్ణి. ఉచితం కాబట్టి ఎవరూ చెవిన పెట్టేవారు కాదు. పెట్టింది వదిన ఒక్కతే. "ఒక కాపీ మిషన్లో, ఒకటి నీ బీరువాలో, ఇంకోటి వేరే ఊళ్లో. మూడూ ఎప్పుడూ ఒకచోట చేరకూడదు" అని చెప్పాను. వేరే ఊళ్లో ఉండాల్సిన చిన్న పెట్టెలాంటి డ్రైవు మా ఇంట్లో, మా ఆవిడ పట్టుచీరల మధ్య ఉండేది. అన్న పోయాక అంగడి మూతపడుతుందని బజారంతా అనుకుంది. పడలేదు. రైతు ఫోన్ చెయ్యగానే వదిన కళ్లజోడు పెట్టుకుని, మీట నొక్కి, అతని బోరు సంగతి అతనికే చెప్పేది. బజారు నోరు మూసుకుంది.

ఇక ఆయుధపూజ వచ్చింది. మాకు ఆ పండగ ఎలాంటిదో తెలుసు కదా. అన్నం పెట్టే పనిముట్టు ఏదైనా సరే, సుత్తి కానీ బస్సు కానీ, ఆ రోజు పసుపు కుంకుమ పెట్టించుకోవాల్సిందే. పెట్టాక మరునాడు మళ్లీ టెంకాయ కొట్టి కదిలించేదాకా ఎవరూ తాకకూడదు. వదిన పండక్కి ముందు మా ఇంటికొచ్చి, కొత్త వివరాలు ఎక్కించి తెస్తానని డ్రైవు పట్టుకుపోయింది. అది నిజమే, కొంతవరకు. ఆమె అసలు ఉద్దేశం వేరు. బీరువాలోని కాపీనీ, మా ఇంటి కాపీనీ రెండింటినీ కంప్యూటర్‌కు తగిలించి, మూడింటికీ కలిపి పసుపుదారం చుట్టి, తెర మీద అమ్మవారి బొమ్మ వెలుగుతుండగా హారతి ఇచ్చింది. ఆరిన తెరకు హారతి ఇస్తే అమ్మవారికి అందదని మిషన్‌ను ఆర్పనూ లేదు. రెండు కాపీలూ ఎందుకు తగిలించావని తర్వాత నేను అడిగితే, "తోక తీసి పక్కన బెట్టి గొడ్డుకు పసుపు పూస్తామా? అదీ దాంట్లో భాగమే గదప్పా" అంది.

పండగ భోజనానికని మరునాడు పొద్దున రైల్లో కదిరి చేరాను. నేను చెప్పులు విడుస్తుండగా వదిన టెంకాయ కొట్టి, దారం తెంపి, మౌసు కదిలించింది. అమ్మవారు లేదు. తెరంతా ఎర్రటి ఎరుపు, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు, మూలన ఒక గడియారం వెనక్కి నడుస్తూ ఉంది. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, గడువులోగా అడిగినంత ఇస్తే తాళంచెవి ఇస్తాం అని దాని సారాంశం. పూజకు ముందు వదిన మెయిల్ ఒకటి తెరిచిందట, మోటారు కంపెనీ పేరుతో దసరా తగ్గింపు ధరల పట్టిక. దొంగ ఆ దారినే లోపలికి వచ్చాడు. మిషన్ వెలుగుతూనే ఉంది, రెండు కాపీలూ తగిలించే ఉన్నాయి, ఎవరూ తాకకూడని రోజు. వాడికి ఇంకేం కావాలి?

నేను వైర్లన్నీ పీకేశాను. అనంతపురంలో ఉన్న పాత సహోద్యోగికి ఫోన్ చేస్తే, "పైసా పంపద్దు సామీ, పంపినా తాళం తీస్తాడని నమ్మకం లేదు. పోలీసోళ్లకు కంప్లైంటు పెట్టు. కాపీ ఉండాది గదా?" అన్నాడు. ఆ చివరి ప్రశ్న వినగానే ఫోన్ పెట్టేశాను.

వదిన కుంకుమ చేతులతో అలాగే కుర్చీలో కూలబడింది. "నువ్వు చెప్పినట్లే మూడు పెట్టుంటినే. మీ అన్న రొప్పుతా రొప్పుతా చెప్పినాడప్పా. మళ్లా యాడికి పోయి అడగల్ల?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

సరిగ్గా అప్పుడే ఒక రైతు బండి దిగాడు. కదిరి పక్క పల్లెలో చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది ఆయనకు, రాజకీయాల్లోనూ కొంచెం తిరుగుతాడు, మాట కటువు. ఆయనకున్న ఒక్క మంచి బోరు నిన్న కూలిపోయిందట. వానలకు పాత బోర్లో నీళ్లు ఊరాయి. మోటారు ఎత్తేసి చాలా కాలమైంది, పైపులు అప్పుడే వేరే బోరుకు పోయాయి. ఆ పాతదాంట్లో ఇప్పుడు కొత్త మోటారు దింపాలి. "కాయ సైజు పట్టే టయం మ్మా. ఈ వారం నీళ్లు లేకుంటే చెట్లు గూడా దక్కవు. లోపల యాడో రాయి జారిందని మీ ఆయన చెప్పినాడు. ఎన్నో పైపు కాడో చూడు." తాడుకు చిన్న రాయి కట్టి వదిలి చూద్దామంటే అది ఆ జారిన రాయి పక్క సందులోంచి దిగిపోతుంది, మోటారు దిగదు. దిగినా ఇరుక్కుని మళ్లీ పైకి రాదు. అప్పుడు బోరూ పోతుంది, మోటారూ పోతుంది, తోటా పోతుంది.

వదిన నన్ను వెనక గదిలోకి పిలిచింది. "రేపు రమ్మని చెప్తా. అంతలోకి నువ్వు ఏదన్నా చెయ్" అంది. చెయ్యడానికి ఏమీ లేదని చెప్పాను. ఆయనకు నిజం చెప్పేయమన్నాను. "అందరి బోర్ల లోతులు దొంగ చేతికి పోయినాయని తెలిస్తే ఒక్కడన్నా ఈ గడప తొక్కుతాడా? అంగడికి ఈ పొద్దే బీగం!" అని కసిరింది. ఆమె భయం నిజమైనదే. కానీ నేను పాఠాల్లో అంగళ్లవాళ్లకు చెప్పిన మాట ఒకటుంది: చెడు కబురు మన నోటితోనే పోవాలి, బజారు నోటితో పోతే దానికి కాళ్లతోపాటు రెక్కలూ వస్తాయి. అదే చెప్పాను. చెబుతూనే నేను వెనక గదిలోనే ఉండిపోయాను. అంత ధైర్యవంతుణ్ణి.

వదిన బయటికి వెళ్లి నిలబడే చెప్పింది. చాటు లేదు, సాకు లేదు. ఆయన చాయ్ ఒక గుక్క తాగాడు. తర్వాత, "నా లోతు ఎవురికి తెలిసింది?" అని అడిగాడు. "తెలీదన్నా" అంది వదిన. ఆయన చాయ్ గ్లాసు సగంలోనే పెట్టేసి బండెక్కి వెళ్లిపోయాడు.

మేమిద్దరం పండగ భోజనం ముందు కూర్చున్నాం. ఓళిగలు, అంటే మా వైపు బొబ్బట్లు, చల్లారిపోయాయి. వీధిలో ఏ బండి ఆగినా వదిన ఉలిక్కిపడేది, తన వివరాలు అడగడానికి ఎవరో వచ్చారని. ఆమెను చూసి నేను ఉలిక్కిపడేవాణ్ణి.

మధ్యాహ్నం ఆయన మళ్లీ వచ్చాడు. ఈసారి బండి వేరేవాళ్లది, ఆయన వెనక కూర్చున్నాడు. నడిపేది ఆయన పక్కచేనాయన. ఇద్దరికీ గట్టు తగాదా, మాటలు లేక ఏళ్లయిందని అందరికీ తెలుసు. రైతు దిగి, ముఖం అటు తిప్పుకుని, "నాకు మతికి లేదు మ్మా. ఆ పొద్దు ఎలక్షన్లని నేను ఊళ్లో లేను, రాయికి పైన ఆపి మోటారు దింపింది మీ ఆయనే. వీనికి తెలుస్తాది. దొంగ నాకొడుకు, గట్టు మీద కూర్చోని నా పైపులన్నీ లెక్కబెట్టినాడు" అన్నాడు. పక్కచేనాయన మీసం తుడుచుకుని, "నువ్వు నావి లెక్కబెట్టలేదా?" అన్నాడు.

అందరం తోటకు పోయాం. వదిన కూడా వచ్చింది. మనుషులు పైపు తర్వాత పైపు బిగించి దింపుతున్నారు. పక్కచేనాయన ఆనాడు కూర్చున్న గట్టు మీదే కూర్చుని పెదాలు కదుపుతున్నాడు. ఇనుము ఇనుముకు తగిలిన ప్రతిసారీ నేను ఆ పెదాల వైపు చూసేవాణ్ణి. ఆయన తప్పు లెక్కపెట్టి ఉంటే? పగతోనే తప్పు చెబితే? ఆ మాట నాకు తట్టినట్టే రైతుకూ తట్టి ఉంటుంది, చెమట తుడుచుకోవడం కూడా మానేశాడు. ఉన్నట్టుండి గట్టు మీంచి, "చాలు, ఆపు. ఇంగొకటి దింపితే రాయే" అని కేక వచ్చింది. ఆపారు. కరెంటు ఇచ్చారు. పైపు దగ్గింది, గాలి కక్కింది, ఎర్రమట్టి నీళ్లు వచ్చాయి, తర్వాత తేట నీళ్లు. వదిన చీరె కుచ్చిళ్లు తడుస్తున్నా కదలక అక్కడే నిలబడి, అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత చాలామంది వచ్చారు. ఒక్కొక్కరూ పక్కవాడి బోరు లోతు వదిన చెవిలో చెప్పిపోయారు, తమది మాత్రం చెప్పలేదు. అలా ఊళ్లకు ఊళ్లు మళ్లీ కంప్యూటర్లోకి ఎక్కాయి. కొందరు మాత్రం మొహం చాటేసి వేరే అంగడికి మారారు, వాళ్లను తప్పుపట్టలేం. వదిన ఇప్పుడు ప్రతి రైతు వివరం అతని ఫోనుకే పంపిస్తుంది. పండగ తగ్గింపుల మెయిళ్లు చూడగానే తీసిపారేస్తుంది. ఆయుధపూజకు మా ఇంటి డ్రైవు మా ఇంట్లోనే పూజ చేయించుకుంటుంది, కుంకుమ మాత్రం కదిరి నుంచి వస్తుంది. అయినా మిషన్ తెరిచేముందు ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంటుంది. అది భక్తి కాదని నాకు తెలుసు.

ఈ మధ్య కదిరి వెళ్లినప్పుడు ఆ చీనీ తోట రైతు అంగడి ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కచేనాయన పోయాడట, కర్మలు కూడా అయిపోయాయట. వదిన చాయ్ ఇస్తే అందుకుని, తాగకుండా, "నా బోరు లోతు తెలిసినోడు ఇంగ ఎవుడూ లేడు మ్మా" అన్నాడు. ఆ లోతు అంగడి కంప్యూటర్లో ఉంది, మా ఇంట్లో ఉంది, ఆయన జేబులోని ఫోన్లోనూ ఉంది. వదినా నేనూ ఆ మాట అనలేదు. కుర్రవాడిగా నేనెలా ఉండేవాణ్ణో చూసిన మనిషి ఇప్పుడు వదిన ఒక్కతే మిగిలింది, ఆమె రెండుసార్లు దగ్గినా నాకు గుండె ఝల్లుమంటుంది. కాలం మన దగ్గరున్నవేవీ ఒక్కసారిగా లాక్కోదు, మనల్ని ఎరిగినవాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోతుంది.