విడిదింట్లో ఓడ మర్యాదలు

దొరబాబుకి ఉన్నది ఒకటే జబ్బు. గడప దాటి లోపలికి వచ్చిన మనిషి చుట్టమైనా, రైతైనా, కరెంటు బిల్లు కొట్టేవాడైనా ఆయన కంటికి పెద్ద ఓడలో సూట్ అనే ఖరీదైన గది తీసుకుని దిగిన ప్యాసింజరులాగే కనపడతాడు. ఇక ఆ మనిషికి ఓడలో జరిగే మర్యాదలన్నీ జరిగి తీరాల్సిందే. వద్దు మహాప్రభో అన్నా వదలడు.

ఈ జబ్బు సముద్రం మీద అంటుకుంది. దొరబాబుది రావులపాలెంలో ఎరువుల కొట్టు. ఒక ఏడాది సరుకు బాగా అమ్మినందుకు కంపెనీవాళ్ళు డీలర్లందరినీ సింగపూరు తీసుకెళ్ళి ఓ విలాసాల ఓడ ఎక్కించారు. అందరికీ గదికి ఇద్దరు చొప్పున, కిటికీ లేని గదులు. దొరబాబుకి జతగా రావాల్సిన డీలరుకి ప్రయాణం ముందు పచ్చకామెర్లు వచ్చాయి. గదుల దగ్గర లెక్క ఎక్కడో తప్పింది. చివరికి మిగిలిన దొరబాబుని తీసుకెళ్ళి పై అంతస్తులో ఓ సూట్‌లో పెట్టారు. అందులో ఒక హాలు, ఒక బాల్కనీ, మనిషి నిలువునా పడుకునేంత స్నానాల తొట్టి, వాటన్నిటి మీదా అడిగింది అందించడానికి రోమెల్ అనే ఫిలిప్పీన్స్ బట్లరు.

"ఓడలో ఉన్నది నాలుగు రోజులండి, చెబుతున్నది నాలుగేళ్ళ నుంచండి" అంటుంది ఆయన భార్య సూర్యకళ, వినేవాళ్ళు ఎవరు దొరికినా.

ఆవిడ బాధ ఆవిడది. పెళ్ళయిన ఇరవై ఏళ్ళూ "ఏమేవ్" అని పిలిచిన మనిషి ఓడ దిగాక "మేడమ్" అనడం మొదలుపెట్టాడు. పడుకోబోయే ముందు మూడు దిండ్లు వరసగా పేర్చి మంచం పక్కన నిలబడేవాడు.

"మేడమ్, ఇవాళ ఏ దిండు? బూరుగు దూదా, స్పాంజా, పాతచీరల దిండా?"

"ఏదో ఒకటి పడేయండి, నిద్దరొస్తోంది."

"అలా కాదు మేడమ్. ఎంచుకునే హక్కు ప్యాసింజరుది."

"పాతచీరల దిండు."

"అది ఉతకడానికి వేశామండి. మిగతా రెండిట్లో చెప్పండి."

చుట్టాలు వస్తే వాళ్ళ పాట్లు వేరు. ఓడలో రాత్రిపూట పక్క సర్ది దిండు మీద చాక్లెట్ పెట్టేవారట. చాక్లెట్ మనకెందుకని దొరబాబు పూతరేకు పెట్టాడు. సూర్యకళ తమ్ముడు వీరబ్రహ్మం చీకట్లో చూసుకోకుండా దాని మీదే తల పెట్టి పడుకున్నాడు. తెల్లారేసరికి అతని తలలో ఉన్నన్ని చీమలు పంచదార మిల్లులో కూడా లేవు. ఆ తరువాత అతను రావులపాలెం మీదుగా వెళ్ళినా బస్సు దిగడం మానేశాడు.

కొట్టు దగ్గర ఇంకా దారుణం. ఎండన పడి వచ్చిన రైతుకి చల్లటి నీళ్ళలో తడిపి, చుట్ట చుట్టిన చిన్న తువ్వాలు పట్టకారుతో అందించేవాడు. పట్టకారు సూర్యకళ వంటింట్లోదే. బంగార్రాజు అనే రైతు ఆ తువ్వాలుతో ముఖం, మెడ, చంకలు, పాదాలు వరసగా తుడుచుకుని తలకి చుట్టుకున్నాడు.

"ఎంతండీ ఇది?"

"కాంప్లిమెంటరీ అండి."

"అంటే?"

"ఊరికేనే అండి."

"యూరియా కూడా కాంప్లిమెంటరీయే కదండీ?"

యూరియా కాదని తేలాక బంగార్రాజు నొచ్చుకున్నాడు. తువ్వాలు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఇలాంటి మనిషి చేతిలో ఒక పెళ్ళి విడిది పెట్టారంటే, పెట్టినవాళ్ళు ఎంత ఇరుకులో ఉండి ఉండాలి!

సూర్యకళ అక్క కూతురు నాగదుర్గ పెళ్ళి. పిల్లాడు గణేష్‌బాబు, నరసాపురం వాళ్ళు. ఇద్దరూ ఇష్టపడ్డారు, పెద్దలూ సరేనన్నారు. భయమల్లా ఒక్క మనిషి గురించే. ఆవిడ పిల్లాడి మేనత్త రత్నమాణిక్యం. తల్లి లేని పిల్లాణ్ణి ఆవిడే పెంచింది. ఆవిడ కూర్చోమంటే కూర్చుంటాడు, లేవమంటే లేస్తాడు. రెండేళ్ళ కిందట మండపేట దగ్గర ఏదో పెళ్ళిలో కాఫీ చల్లారిందని ఆవిడ లేచి బస్సెక్కిందనీ, ఆవిడ వెనకే మగపెళ్ళివారంతా ఎక్కేశారనీ, వాళ్ళని మళ్ళీ తీసుకురావడానికి ఆడపెళ్ళివారు కార్లేసుకుని గోదావరి దాకా తరిమారనీ ఈ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు.

విడిది ఎవరు చూస్తారంటే బంధువుల్లో మగాళ్ళందరికీ ఒకేసారి నడుంనొప్పి వచ్చింది. నాగదుర్గ తండ్రి శివరామకృష్ణ ఒక్కొక్కళ్ళనీ బతిమాలి విసిగిపోయాడు. అప్పుడు దొరబాబు ముందుకొచ్చాడు.

"నేను చూసుకుంటానన్నయ్యా. సూట్ స్టాండర్డ్‌లో చేద్దాం."

తోడల్లుడి మాట విని శివరామకృష్ణ సూర్యకళ వైపు చూశాడు. సూర్యకళ గోడ వైపు చూసింది.

ఫంక్షన్ హాలు వెనక గదులే విడిది. పెళ్ళికి రెండు రోజుల ముందు నుంచీ దొరబాబు అక్కడే కాపురం పెట్టాడు. ప్రతి మంచం మీదా, ఓడలోలాగే, పెద్ద తువ్వాలు మడిచి చేసిన ఒక హంస. ప్రతి గదిలోనూ, కావాలంటే తలుపుకి తగిలించుకోవడానికి, శుభలేఖలు వేసిన ప్రెస్సులోనే, అదే పసుపు అంచుతో, అదే వినాయకుడి బొమ్మతో అచ్చు వేయించిన బోర్డు: "లోపలివారు విశ్రాంతిలో ఉన్నారు. దయచేసి తలుపు కొట్టరాదు." వడ్డించేవాళ్ళకి శిక్షణ కూడా ఇచ్చాడు. ప్యాసింజరు మాటే ఆఖరి మాట అన్నాడు. అదే కొంప ముంచింది.

పొద్దున్నే రెండు బస్సులు దిగాయి. పిల్లాడి బాబాయి వెంకటరమణ ముందుకొచ్చి, పట్టకారులోంచి వచ్చిన తడి తువ్వాలుని రెండు వేళ్ళతో పైకెత్తి చూశాడు.

"ఇదేంటండీ బావగారూ, ఆరెయ్యడం మర్చిపోయారా?"

"ముఖం మీద వేసుకోండి బావగారూ. హాయిగా ఉంటుంది."

"ముఖం మీద గుడ్డ ఎప్పుడు వేస్తారో తెలుసాండీ మీకు?"

టిఫిన్ల దగ్గర రెండో గండం. వెంకటరమణ మొదటి ఇడ్లీ తిని, రెండోదానికి చెయ్యి అడ్డం పెట్టి "చాలండీ, చాలండీ" అన్నాడు. ఈ గోదావరి గట్ల మధ్య పుట్టినవాడెవడికైనా దాని అర్థం ఇంకో రెండు వెయ్యమని. దొరబాబు దగ్గర శిక్షణ పొందిన అప్పాజీ మాత్రం "అలాగేనండి" అని వినయంగా వంగి విస్తరి తీసేశాడు. వెంకటరమణ ఖాళీ బల్ల వంక అలా చూస్తూ ఉండిపోయాడు. సూర్యకళ పరుగెత్తుకొచ్చి కొత్త విస్తరి వేసి, "అన్నయ్యగారూ, నా మీద ఒట్టే" అని నాలుగు ఇడ్లీలు, ఒక గారె, ఇంకో గారె వడ్డించేదాకా ఆయన ముఖం తేరుకోలేదు.

"ఏవండీ, మీ ఓడ మా పిల్ల పెళ్ళిని ముంచేలా ఉంది" అంది సూర్యకళ, మొగుణ్ణి పక్కకి లాగి.

"వద్దంటే వెయ్యకూడదు మేడమ్."

"మన దగ్గర వద్దంటేనే వెయ్యాలండి!"

ఆ హడావుడిలో అసలు మనిషిని మరిచిపోయారు. రత్నమాణిక్యం గారికి కాఫీ ఇచ్చారా అని ఎవరో అడిగేసరికి సూర్యకళ వంటల దగ్గరికి పరుగెత్తింది. తనే స్వయంగా పొగలు కక్కే కాఫీ పట్టుకుని వెళ్ళింది. ఆవిడ గది తలుపు వేసి ఉంది. గడియకి వినాయకుడి బొమ్మ బోర్డు వేలాడుతోంది. దాని ముందు ప్లాస్టిక్ కుర్చీలో దొరబాబు చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"లేవండి. కాఫీ చల్లారిపోతోంది."

"కుదరదు మేడమ్. బోర్డు ఉంది."

"బోర్డు పొయ్యిలో పెట్టండి! ఆవిడ ఎవరో తెలుసా?"

"ప్యాసింజరు."

కాఫీ చల్లారింది. టిఫిన్ల వేళ దాటింది. భోజనాల వేళా దాటింది. మగపెళ్ళివారి ఆడాళ్ళు "అత్తా, సేఫ్టీ పిన్నులు ఎక్కడ?", "పిన్నీ, పిల్లాడి ఉంగరం ఎక్కడ?" అంటూ ఒకరి తరువాత ఒకరు వచ్చారు. దొరబాబు అందరికీ దణ్ణం పెట్టి వెనక్కి పంపాడు. వెంకటరమణ వచ్చి, మా అక్కని గదిలో పెట్టి తాళం వేశారా అని కేకలేశాడు. దొరబాబు తిట్లన్నీ తిని, ఆయనకి ఒక తడి తువ్వాలు ఇచ్చాడు. శివరామకృష్ణ చెమటలు కక్కుతూ వచ్చాడు.

"తమ్ముడూ, ఆవిడ కాఫీ తాగారా?"

"లేదన్నయ్యా."

"టిఫిను?"

"లేదన్నయ్యా."

"భోజనం?"

"అదీ లేదు."

"మరి ఏం చేస్తున్నార్రా లోపల!"

"విశ్రాంతి అన్నయ్యా. బోర్డు మీద రాసుంది కదా."

శివరామకృష్ణ అక్కడే మెట్ల మీద కూలబడ్డాడు.

సూర్యకళని నాగదుర్గ పిలిపించింది. చేతుల నిండా గోరింటాకు పెట్టుకుని, కదలడానికి లేక కూర్చుని ఉంది పిల్ల. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"పిన్నీ, పొద్దున్నుంచీ ఆవిడకి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదంట కదా. ఆవిడ లేచి వెళ్ళిపోతే గణేష్ ఉండడు పిన్నీ. నా మీద ఎంత ఇష్టమున్నా సరే, ఉండడు. బాబాయికి చెప్పు పిన్నీ."

సూర్యకళకి మొగుడి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ కుర్చీతో సహా మనిషిని ఎత్తి గోదాట్లో పారేయాలన్నంత కోపం వచ్చింది. చీర కొంగు బిగించి విడిది వైపు నడిచింది. ఎదుర్కోలు మొదలవ్వాల్సిన వేళ దగ్గరపడుతోంది. వరండా నిండా మగపెళ్ళివారే. అప్పుడే లోపల గడియ తీసిన చప్పుడైంది.

రత్నమాణిక్యం గారు గుమ్మంలో నిలబడింది. వెంకటరమణ చెప్పుల కోసం చూసుకోవడం మొదలుపెట్టాడు. బస్సు డ్రైవరు అలవాటు ప్రకారం తాళాలు బయటికి తీశాడు.

"ఎదుర్కోలుకి వేళయిందా?" అంది ఆవిడ.

డ్రైవరు తాళాలు మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

"ఏంటలా చూస్తారు? ఒరే వెంకటరమణా, పంచె మార్చుకో. సూర్యకళమ్మా, కాస్త జడ వేద్దువుగాని, లోపలికి రా."

సూర్యకళ లోపలికి వెళ్ళి జడ అందుకుంది. మంచం మీద హంస లేదు. ఆవిడ దాన్ని విప్పి చక్కగా కప్పుకుని పడుకున్నట్టుంది. బల్ల మీద మజ్జిగ ఫ్లాస్కు ఖాళీగా ఉంది. పక్కన రెండు అరటిపండు తొక్కలు.

"వదినగారూ, మా ఆయన తరఫున నేను క్షమాపణ..."

"దేనికమ్మా? నా జన్మలో ఒక పెళ్ళిలో కునుకు తీయడం ఇదే మొదటిసారి." ఆవిడ గొంతు తగ్గించింది. "నీకొకటి చెబుతాను, బయట అనకు. ఆ మండపేట పెళ్ళిలో నాకు కోపం రాలేదు. వారం నుంచి నిద్రలేదు, మోకాళ్ళు పట్టేశాయి. నడుం వాలుద్దామంటే నా గదిలో పధ్నాలుగు మంది. పోనీ బస్సులో వెనక సీటు మీద కాసేపు పడుకుందామని వెళ్ళి ఎక్కాను. నేనెక్కడం చూసి ఏదో లోపం జరిగిందని మావాళ్ళంతా ఎక్కేశారు. డ్రైవరు బండి తీసేశాడు. కళ్ళు తెరిచేసరికి గోదావరి దాటే సిద్ధాంతం వంతెన మీద ఉన్నాం! అంతమంది నా కోసం పెళ్ళి వదిలేసి వస్తే నిద్ర కోసం ఎక్కానని ఎలా చెప్పను? కాఫీ చల్లారింది అనేశాను."

సూర్యకళ చేతిలో జడ జారిపోయింది. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

"మరి ఇవాళ బోర్డు పెట్టి మంచి పని చేశారు వదినగారూ."

"నేనెక్కడ పెట్టానమ్మా? బస్సు దిగి ఇలా కూర్చున్నానో లేదో మీ ఆయన వచ్చాడు. మజ్జిగ పెట్టాడు, పళ్ళు పెట్టాడు. 'లోపల గడియ వేసుకోండి అక్కయ్యగారూ, బయట తిట్లన్నీ నేను తింటాను' అన్నాడు."

ఎదుర్కోలు సంబరంగా జరిగింది. పానకం బిందెల సందడిలో సూర్యకళ మొగుణ్ణి పట్టుకుంది.

"ఆవిడకి నిద్ర కావాలని మీకెలా తెలిసింది?"

"బస్సు దిగుతూ చెప్పులు విప్పేసి, ఈ కాలితో ఆ కాలు నొక్కుకున్నారు. అందరూ ఆవిడ నోటి వంకే చూస్తున్నారు." దొరబాబు చేతిలో పానకం గ్లాసు పక్కన పెట్టాడు. "ఓడలో మొదటి రోజు నాకు కొత్త బూట్లు కరిచేశాయి. అంత గొప్ప చోట చెప్పుకోడానికి సిగ్గేసింది. కుంటుతూ గదికొస్తే మంచం పక్కన మెత్తటి చెప్పులు, చిన్న బేసిన్‌లో వేణ్ణీళ్ళు. రోమెల్ గారు ఒక్క మాట అడగలేదు. నన్నంత శ్రద్ధగా చూసినవాళ్ళు లేరే సూర్యకళా... అంటే, మేడమ్. మిగతావన్నీ నాకు సరిగ్గా చేతకావు గానీ, ఆ ఒక్కటీ నేర్చుకుందామని."

నాలుగేళ్ళుగా తను విసుక్కున్న దిండ్లన్నీ సూర్యకళకి గుర్తొచ్చాయి. ఈ పిచ్చి మనిషంటే తనకి చాలా ఇష్టమని కూడా గుర్తొచ్చింది. ఆ మాట చెబితే ఇంకో మూడు దిండ్లు కొంటాడని ఊరుకుంది.

పెళ్ళి జరిగింది. మర్నాడు పొద్దున అప్పగింతలు అయ్యాయి, బస్సులు హారన్లు కొడుతున్నాయి. రత్నమాణిక్యం గారు మాత్రం కదల్లేదు. ఏం తప్పు జరిగిందోనని శివరామకృష్ణ మళ్ళీ పాలిపోయాడు. ఆవిడ అతన్ని పట్టించుకోకుండా సూర్యకళ దగ్గరికి వచ్చింది. మూడు రోజులుగా కన్ను మూయని సూర్యకళ ఒక చేత్తో పసుపు కుంకుమ పళ్ళెం, ఇంకో చేత్తో సారె బుట్ట పట్టుకుని, నిలబడి తూలుతోంది. ఆవిడ రెండూ లాక్కుని అప్పాజీ చేతిలో పెట్టింది. సూర్యకళని రెక్క పట్టుకుని గదిలోకి తీసుకెళ్ళి మంచం మీద కూలేసింది. బయటికొచ్చి తలుపు వేసి, దొరబాబు కుర్చీ లాక్కుని కూర్చుంది.

లోపల పడుకున్న సూర్యకళకి మాటలు వినపడుతున్నాయి.

"అక్కయ్యగారూ, సారె పూతరేకులు ఎక్కడ పెట్టారో మా సూర్యకళకే తెలుసండి. ఒక్కసారి లేపి..." అది శివరామకృష్ణ గొంతు.

"లేపండి బాబూ, మీ ఇష్టం" అంది రత్నమాణిక్యం గారు. "మీరు తలుపు కొట్టండి, నేను బస్సెక్కేస్తాను."

సాయంత్రం దాకా ఆ తలుపు ఎవరూ కొట్టలేదు.