ఆఫీసుకు నేను ఎంచిన బండలు

చదువు పూర్తయిన కొత్తలో మనిషికి తెలియని విషయం ఉండదు. నాకైతే ఒక్కటీ లేదు. బీకాం కాగానే గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో గుమాస్తాగా చేరాను (ఇంట్లో మాత్రం అకౌంట్స్ ఆఫీసర్ అని చెప్పుకున్నాను). రైతులు కాయలు తెచ్చి మా షావుకారు గారి ద్వారా అమ్ముకునే చోటది. ఆఫీసు గదిలో గచ్చు పెచ్చులూడిపోయి ఉండేది. ఒకరోజు షావుకారు గారు, "నువ్వు చదువుకున్నవాడివి, మంచి బండలేవో చూసి వేయించు" అన్నారు. ఆ మాట నా తలకెక్కింది.

టైల్స్ షాపులో సేల్స్‌మన్ నన్ను "సార్" అన్నాడు. అప్పటిదాకా నన్నెవరూ అలా పిలవలేదు. ఇక అతను ఏది చూపిస్తే అది కొనడానికి సిద్ధమైపోయి, మొహం కనబడేంత నున్నటి తెల్ల బండలు ఎంచాను. వేయడానికి వచ్చిన మేస్త్రీ ఒకదాన్ని చేత్తో తడిమి, "బాబూ, ఇవి ఇంట్లో హాలుకైతే బాగుంటాయి. ఇక్కడ రైతుల చెప్పులకి మిరపగింజలు అంటుకుని వస్తాయి. గింజ మీద అడుగు పడిందంటే జారుడే. గరుకువి తెచ్చుకోండి" అన్నాడు. "ఇది ఆఫీసు, మేస్త్రీ! కళ్ళం కాదు" అన్నాను. అతను తాపీ తీసుకుని సిమెంటు కలపడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండానే, మార్టూరు వైపు నుంచి ఏటా మాకే సరుకు తెచ్చే ఒక పెద్దాయన లోపలికి వచ్చారు. అందరూ ఆయన్ని సాయిబు గారు అనేవాళ్ళు. రెండడుగులు బాగానే వేశారు. మూడో అడుగుకి కాలు జారి, చెయ్యి ఆనించి పడ్డారు. మణికట్టు విరిగింది. హమాలీలు పరుగున వచ్చి ఆయన్ని లేపుతుంటే నేనేం చేశానంటే (రాయడానికి ఇప్పటికీ చెయ్యి రావడం లేదు), వంగి బండ పగిలిందేమో చూశాను.

సాయిబు గారిని ఆటోలో ఆసుపత్రికి పంపాక షావుకారు గారు వచ్చి, "ఎట్లా పడ్డాడురా?" అని అడిగారు. బండల మీదికి మాట రాకూడదని, "కొంచెం మందు మీద ఉన్నట్టున్నారండి" అనేశాను. షావుకారు గారు కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ఆయన సోడా తాగాలన్నా సీసా మీద పేరు చదివి తాగుతాడు" అన్నారు. కానీ నా మాట అప్పటికే హమాలీల చెవిన పడింది. సాయంత్రానికి మిర్చి యార్డంతా పాకి, సాయిబు గారి కంటే ముందు ఆయన ఊరు చేరింది.

మర్నాడు షావుకారు గారు నన్ను సాయిబు గారి ఊరికి బస్సెక్కించారు. సాయిబు గారు కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నారు. క్షమించమని గొణిగాను. ఆయన నవ్వి, "జారడానికేముంది బాబూ, ఎవరైనా జారతారు. చెయ్యి అతుక్కుంటుంది. మా మనవరాలే, నిన్న దగ్గరికొచ్చి నా నోరు వాసన చూసింది" అన్నారు.

కోప్పడి ఉంటే బాగుండేది. ఎనిమిదేళ్ళ ఆ పిల్ల గడప దగ్గరే నిలబడి ఉంది. "తాత తాగలేదమ్మా. అబద్ధం చెప్పింది నేను" అన్నాను.

"ఎందుకు?"

"నేను తెచ్చిన బండలు మంచివి అనిపించుకోవడానికి."

"మంచివేనా?"

"కాదు" అన్నాను. ఆ పిల్ల వెళ్ళి తాత పక్కన ఆనుకుని కూర్చుంది. నాకు మాత్రం ఎక్కడ చూడాలో తెలియలేదు.

షావుకారు గారు ఆ బండలు తీయించి గరుకువి వేయించారు. ఈసారి ఎంచే పని మేస్త్రీకి, మోసే పని నాకు ఇచ్చారు. తర్వాతి పంటకి సాయిబు గారు మళ్ళీ మా కొట్టుకే వచ్చారు. గుమ్మంలోనే నేను చెయ్యి అందించబోతే, "నడవగలను బాబూ" అని లోపలికి వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది. ఇరవై రెండేళ్ళ ఆ తెలివైనవాణ్ణి తలుచుకుంటే సిగ్గుతో పాటు చిన్న నవ్వూ వస్తుంది. ఎదురుపడితే ముందు గట్టిగా ఒక మొట్టికాయ వేసి, తర్వాత కూర్చోబెట్టి అన్నం పెట్టాలనిపిస్తుంది.