రోజారమణి కాళ్ళు

రోజారమణికి ముప్పై మూడేళ్ళు. మైపాడులో చేపల వేటకు పోయే వినోద్ భార్య. మూడేళ్ళ కిందట ఒక పొద్దున ఆమె కుడికన్ను మసకబారింది. కన్ను తేరుకుంది గాని, ఆ తర్వాత కాళ్ళు మాట వినడం మానేశాయి. నెల్లూరులో స్కానింగ్ తీసి మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. నరాల మీది పొర దెబ్బతినే జబ్బట. ఆ పేరు వినోద్‌కు నోరు తిరగలేదు. అడిగినవాళ్ళకు "కాళ్ళు పడిపోయినాయి" అని చెప్పేవాడు.

ఆమె తూలుతూ నడుస్తుంటే అత్త అంకాలమ్మ పక్కింటివాళ్ళను పిలిచి మరీ చూపించేది. "చూడండమ్మే, పొద్దున్నే తాగొచ్చినట్టు లేదూ?" అన్నం కంచం గడప దగ్గర పెట్టి కాలితో లోపలికి నెట్టేది.

మందుల కోసం వెళ్ళినప్పుడు ఆసుపత్రిలో వ్యాయామం నేర్పే తిమోతి ఆమెను కుర్చీలోంచి లేవమన్నాడు. మూడుసార్లు లేచేసరికి రొప్పు వచ్చింది.

"దీంతో జబ్బు పోదక్కా, అబద్ధం చెప్పను," అన్నాడు తిమోతి. "కాళ్ళకు బలమొస్తుంది, తూలడం తగ్గుతుంది, ఆయాసం తగ్గుతుంది. రోజూ కొంచెం కొంచెం చెయ్యి. ఎండలో మాత్రం వద్దు. ఒళ్ళు వేడెక్కితే ఈ జబ్బున్నవాళ్ళకు కాళ్ళు ఆడవు. చల్లబడితే మళ్ళీ వస్తాయి, భయపడబాకు."

ఆమె తెల్లవారుజామునే లేచేది. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం, తరువాత చేతికర్ర ఊతంగా తడి ఇసుకలో నడక. వీధి పిల్లలు వెనకే తూలుతూ ఆమె నడకను అనుకరించేవాళ్ళు. రెండుసార్లు ముఖాన ఇసుక చల్లారు. ఆమె కళ్ళు తుడుచుకుని నడిచింది. రెండో నెలకు పన్నెండుసార్లు లేవగలిగింది. నాలుగో నెలలో చేతికర్ర వదిలేసింది. మధ్యాహ్నమయ్యేసరికి మంచాన పడేసే అలసట కూడా సగానికి తగ్గింది.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా కొళాయి నుంచి బిందె నీళ్ళు మోసుకొచ్చి వాకిట్లో దించింది. భర్త సంతోషిస్తాడనుకుంది.

"బిందె మోస్తా ఉండావే!" అన్నాడు వినోద్. అతని ముఖంలో సంతోషం లేదు. "మరి మూడేళ్ళు నా చేత ఎందుకు చాకిరీ చేయించుకున్నావు?"

"అది కాదయ్యా, కసరత్తు చేసినాను గదా..."

"నేను ముందే చెప్పలే?" అంది అంకాలమ్మ. "అంతా నాటకం. రేపటి నుంచి చేపలు ఎండబెట్టేదానికి పంపించు."

"ఎండలో వద్దన్నారు అత్తా. కాళ్ళు ఆడవు."

"ఇసకలో షికార్లు చేసేదానికి ఆడినాయే!"

మే నెల. ఇసుక దిబ్బ మీద నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండకు పరుస్తూ పదకొండు గంటల దాకా నిలబడింది. తరువాత కుడికన్ను ముందు పొగ కమ్మింది. మోకాళ్ళు వదిలేశాయి. చేపల మీదే బోర్లా పడింది. తోటి ఆడవాళ్ళు లేపబోతే, పక్కనే చేపలు తిరగేస్తున్న అంకాలమ్మ అడ్డొచ్చింది. "ముట్టుకోబాకండి. దానంతట అదే లేస్తాది."

ఎవరూ ముట్టుకోలేదు. కాలే ఇసుకలో మోచేతుల మీద పాకి, ఒడ్డున ఉన్న పడవ నీడకు చేరింది రోజారమణి. మోచేతుల చర్మం లేచిపోయింది. పడవ పక్కన పడున్న తడి గోనెసంచి ఒంటిమీదికి లాక్కుని పడుకుంది. గంట గడిచాక తిమోతి చెప్పినట్టే కాళ్ళు తిరిగొచ్చాయి. మెల్లగా లేచి నిలబడింది.

దిబ్బ మీద నవ్వులు లేచాయి. ఇందాక లేపబోయినవాళ్ళు కూడా నవ్వారు.

"చూసినారా? అంతా నాటకం!" అంది అంకాలమ్మ. ఆ మాట సాయంత్రానికల్లా వీధంతా పాకింది. వినోద్ కూడా అది విని ఇంటికొచ్చాడు. చెంప మీద ఒక్కటి కొట్టి, "రేపు కూడా పో," అన్నాడు.

ఆమె మర్నాడు కూడా వెళ్ళింది, ఆ మర్నాడూ వెళ్ళింది. వెళ్ళేముందు చీకట్లో కుర్చీ పట్టుకుని పన్నెండుసార్లు లేచి కూర్చునేది. అదీ మానేస్తే దిబ్బ మీద పది గంటల దాకా కూడా నిలబడలేనని ఆమెకు తెలుసు.