పెంకులు కడిగిన మా అత్త

మా అత్త పోయింది. మొన్న మంగళవారం పొద్దున్నే బస్టాండు పక్క ఎస్టీడీ బూతు అబ్బాయి మా వాకిట్లోకి వచ్చి, "అక్కా, ఆత్మకూరు నుంచి ఫోను, మీ నాయన లైన్లో ఉండాడు" అంటే ఉదయగిరి వీధిలో చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. "అక్క పోయిందమ్మా" అన్నాడు నాయన. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఎవురింటి మీద నుంచి పడింది నాయనా?" అని. సిగ్గులేని మాటే. కానీ ఆ రోజు ఆ కబురు విన్నవాళ్లంతా అదే అడిగారు. సమాధి దగ్గర పాస్టరుగారు కూడా మా నాయనను పక్కకు పిలిచి మెల్లిగా అదే అడిగారు.

పడలేదు. రాత్రి చేపల పులుసు మారు వడ్డించుకుని తిన్నది. మంచమెక్కి పడుకున్నది. పొద్దున లేవలేదు. "నేను పడి చస్తానని అనుకునేవాళ్లందరికీ తాటాకంత నిరాశ మిగిలిస్తా చూడండి" అని నవ్వేది. అన్నంత పనీ చేసింది మహాతల్లి.

మా నాయనకు ఆమె అక్క. ఆమె తర్వాత మా నాయన, ఆయన తర్వాత మా చిన్నాయన. ఆమె పని ఇళ్ల కప్పులు కడగడం. మా ప్రాంతం తెలియనివాళ్లకు ఇది కాస్త విడ్డూరంగా ఉంటుంది. మావన్నీ బంగళా పెంకుల ఇళ్లు. వాయుగుండం పట్టి నాలుగు ముసుర్లు కురిస్తే చాలు, ఎర్రటి పెంకుల మీద పాచి పడుతుంది. ఎండకు అదే మాడి నల్లగా అట్టకడుతుంది. కొత్త ఇల్లు కూడా పొయ్యిలోంచి తీసినట్టు కనిపిస్తుంది. అప్పుడు క్రిస్మస్‌కో పెళ్లికో ఇంటాయన పైకి చూసి, "పెంకులు మార్చాలేమో" అని దిగులు పడతాడు. "మార్చేదేందయ్యా? ఇల్లు ముసలిదయిందా? మురికి పట్టింది, అంతే" అనేది అత్త.

ఈ మాటే ఆమెకు బతుకుతెరువైంది, మామకు తలనొప్పీ అయింది. మామ పెంకులు కప్పే మేస్త్రీ. ఉదయగిరిలో దొరల కాలం నాటి ఒక బంగళాకు పెంకులన్నీ మార్చే పని ఆయనకు ఖాయమైంది. చేయి సాయానికి వెళ్లిన అత్త పైకెక్కి, ఊరికే ఉండలేక, ఒక పెంకును కొబ్బరి పీచుతో రుద్దింది. ఎర్రగా బయటపడింది. అక్కడి నుంచే కిందికి కేకేసింది: "అమ్మగారో! ఇవి బంగారమంటి పెంకులు! మార్చబాకండి, నేను కడిగిస్తా!" మామ ఆ రాత్రి అన్నం తినలేదట. "కట్టుకున్న పెళ్లామే నా కడుపు కొట్టింది" అని వీధంతా చెప్పుకున్నాడు. ఆమె కడిగింది. ఆ బంగళాను చూసి పక్కవాళ్లు పిలిచారు, వాళ్లను చూసి మర్రిపాడు వాళ్లు పిలిచారు. చివరికి మామ కింద నిచ్చెన పట్టుకునే ఉద్యోగంలో చేరిపోయాడు. ఆ ఉద్యోగంలో సుఖంగానే ఉన్నాడు కూడా. బీడీ కాల్చుకోవచ్చు, పైకి చూసి ఆమెను తిట్టుకోవచ్చు.

చీర గోచీ పోసి కట్టి, లోపల మామ ఖాకీ నిక్కరు వేసుకునేది. నడుముకు మోకు. దాని రెండో కొస ఇంటికి అవతలి పక్క చెట్టుకు కట్టి ఉండేది. బ్లీచింగు పౌడరు నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, పీచుతో రుద్ది, కొప్పు దగ్గర నుంచి కిందికి నీళ్లు వదిలేది. కొప్పంటే రెండు వాలులూ కలిసే నడినెత్తి. కింది నుంచి పైకి రుద్దితే నీళ్లు సందుల్లో దూరి ఇంటాయన అన్నం కంచంలో పడతాయని చెప్పేది. ఒకసారి పడ్డాయి కూడా. "రసం పల్చనయిందిలే, ఇంకొంచెం ఉప్పేసుకో" అని పైనుంచే సర్దిచెప్పింది.

ఎక్కేముందు తప్పకుండా గొంతెత్తి అరిచేది: "ఎక్కతా ఉండా! పెరట్లో నీళ్లు పోసుకునేవాళ్లు లోపలికి పోండమ్మా! ఎక్కతా ఉండా!" ఆ కేక వినగానే చుట్టూ నాలుగిళ్లలో తలుపులు ధడేల్‌మనేవి. పైకెక్కాక ఊరి పెరళ్లన్నీ ఆమెకు కనిపించేవి. ఎవరింట్లో అత్తాకోడళ్లు కొట్టుకుంటున్నారో, ఎవరు ఎవరి కరివేపాకు కోసుకుంటున్నారో. మేము గుచ్చిగుచ్చి అడిగితే, "పైన చూసింది పైన్నే" అనేది. ఎంత బతిమాలినా అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. ఇంత నోరున్న మనిషి ఆ మాత్రం నోరు ఎలా కట్టేసుకునేదో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇళ్ల మీది ఆడమనిషి అని నవ్వినవాళ్లూ ఉన్నారు. "ఏమ్మే, కోతి ఎక్కినట్టు ఎక్కతావే" అని ఒకాయన బజారులో ఎగతాళి చేస్తే, "నువ్వూ ఎక్కన్నా, నేను నిచ్చెన పడతా" అంది. ఆయన మూడు మెట్లెక్కి దిగివచ్చాడని చెప్పుకుని చెప్పుకుని నవ్వేది.

ఇక నా పెళ్లి సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఆమె గురించి చెప్పినట్టు కాదు.

మా నాయనా చిన్నాయనా ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. తాత కట్టిన ఇల్లు, ఆత్మకూరులో బస్సుల రోడ్డు మీదికే. మా చర్చిలో సంఘ పెద్దల ఎన్నికలు వచ్చాయి. మా నాయన నిలబడ్డాడు. అత్త ఇంటింటికీ తిరిగి, "మా తమ్ముడికెయ్యండి, మంచోడు" అని ప్రచారం చేసింది. నాయన ఒకే ఒక్క చీటీ తక్కువై ఓడిపోయాడు. ముందు రోజు రాత్రి ఏదో చిన్న మాట మీద అన్నదమ్ములిద్దరూ గొడవపడి ఉన్నారు. "వాడే వెయ్యలేదు" అన్నాడు నాయన. "నన్ను అనుమానించినోడికి నేను సంజాయిషీ చెప్పేదేంది?" అన్నాడు చిన్నాయన. మాటలు ఆగిపోయాయి. వసారా మధ్యలో తడిక లేచింది, పెరట్లో గోడ లేచింది. పొయ్యిలు రెండయ్యాయి. కప్పు మాత్రం ఒకటే మిగిలింది, దాన్ని ఎలా కోయాలో ఎవరికీ తెలియక.

నేను చిన్నాయన భుజాల మీద పెరిగాను. బడికి తీసుకుపోయింది ఆయనే, సైకిలు నేర్పింది ఆయనే, పరీక్షలప్పుడు నాకోసం లాంతరు తుడిచి పెట్టింది ఆయనే. పెళ్లి కుదిరాక నాయనతో చెప్పాను, చిన్నాయన లేకుండా నేను చర్చిలో అడుగు పెట్టనని. "వాడొస్తే నేను రాను" అన్నాడు నాయన. తడిక అవతల నుంచి చిన్నాయన దగ్గు వినిపించింది. పిలవకపోతే ఆయన రాడు. నాయన పిలవడు. నేను అత్త ఇంటికి పోయి ఆమె ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాను. అత్త నా తల నిమిరింది. తర్వాత, "ఏడవబాక పాపా. ముందు పెళ్లింటి కప్పు కడగనీ" అంది.

వచ్చి నాయనను అడిగింది: "మొత్తం కడగాల్నా, సగమా?"

"నా సగమే" అన్నాడు నాయన పంతంగా.

"సరే. నీ సగమే."

కడిగింది. నూలు తాడు పెట్టి గీత కొట్టి మరీ, ఒక్క పెంకు అటు పోకుండా, మా సగం కడిగింది. సాయంత్రానికి మా ఇల్లు సగం దానిమ్మ గింజల రంగు, సగం బొగ్గు. అంతకుముందు అంతా నల్లగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని ఇంటిని చూడటానికి జనం రావడం మొదలైంది. నెల్లూరు బస్సు కండక్టరు మా వీధి దగ్గర, "సగమిల్లు, సగమిల్లు దిగాలా!" అని అరవడం మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు తరపువాళ్లు వచ్చి తలెత్తి చూసి, "డబ్బులు చాలలేదా?" అని మర్యాదగా అడిగారు. నాయన మొహం చూడాలి. అవతల చిన్నమ్మ, "మన సగం దిష్టిబొమ్మ మాదిరి ఉండాది, నేను బయటికి రాను" అని చిన్నాయనను దులిపేసింది.

చిన్నాయన పోయి అక్కను అడిగాడు. "కడగతా. కానీ మీ బావకు నడుం పట్టింది. నీళ్లు తోడే మనిషి కావాల, నిచ్చెన మీద నుంచి అందించే మనిషి కావాల. తోడేది నువ్వు" అంది. నాయన దగ్గరికి వచ్చి, "వాడి సగం నల్లనీళ్లు నీ కూతురి పెళ్లి పందిట్లోకే కారతాయి. వచ్చి నిచ్చెన మీద నిలబడు. మాట్లాడమని నేను అన్లా" అంది. నడుం పట్టిన మామ ఆ రోజు మా అరుగు మీద కూర్చుని, ఎదురింటి పిల్లలతో గోళీలాట ఆడుతూ కనిపించాడు.

అలా మొదలైంది. చిన్నాయన బావిలో నీళ్లు తోడి బిందె తెచ్చి నిచ్చెన కింద పెట్టి మొహం తిప్పుకుంటాడు. నాయన వంగి తీసుకుని పైకి అందిస్తాడు. కాసేపటికి నాయన పైకి చూసి అన్నాడు: "అక్కా, బిందె అంచుదాకా నింపబాకని చెప్పు. నా చొక్కా అంతా తడిసింది."

"అక్కా, చేతులు వణికేవాళ్లు నిచ్చెన దిగమని చెప్పు" అన్నాడు చిన్నాయన కింద నుంచి.

"నేనేమన్నా పోస్టాఫీసునంట్రా?" అంది అత్త. అంది గానీ, మధ్యాహ్నం దాకా అటు మాట ఇటు, ఇటు మాట అటు అందిస్తూనే ఉంది, మధ్యలో తనవి నాలుగు కలిపి. నేనూ అమ్మా చిన్నమ్మా తడిక దగ్గర నిలబడి కొంగులు నోట్లో కుక్కుకున్నాం.

చిట్టచివరి వరుస మిగిలింది. బిందె అందుకుంటూ నాయన ఉన్నట్టుండి ఆగలేక అన్నాడు: "అక్కా, అన్నకు ఒక్క చీటీ వెయ్యలేనోడు ఇయ్యాల నీళ్లు మాత్రం మోస్తా ఉండాడు, అడుగు."

చిన్నాయన చేద బావిలోకి విసిరికొట్టాడు. "నేనేసినా! బైబిలు పట్టుకోని చెప్తా, నీకే ఏసినా! ఏసి కూడా మాట పడినా!"

"మరి ఎవుడు వెయ్యలా?"

అత్త ఆఖరి బిందె కొప్పు మీద నుంచి తీరిగ్గా కిందికి వదిలింది. నీళ్లు ఎర్రటి పెంకుల మీద జారి చూరు నుంచి పడేదాకా చూసింది. కొప్పు మీద కాళ్లు అటొకటి ఇటొకటి వేసుకుని కూర్చుంది.

"నేనేరా" అంది.



"తిరిగి తిరిగి అందరినీ వెయ్యమని చెప్పింది నేనే. చీటీ చేతికొచ్చేసరికి గుండె దడ పట్టింది. ఒరేయ్ పెద్దోడా, నువ్వు ఇంట్లో అన్నం ముందర చేసే ప్రార్థనకే కూర చల్లారిపోద్ది. నీకు పెద్దరికం కూడా ఇస్తే ఆదివారం నాడు ఊరోళ్లంతా పస్తులుండి చస్తారని, పక్కాయనకేసినా." అక్కడ ఆగి, చేతిలో పీచు పక్కన పెట్టింది. "చెప్పేద్దామనే అనుకున్నా. చెప్తే నువ్వు నా గడప తొక్కవేమోనని భయపడినా. మీరిద్దురూ విడిపోతారని తెల్లేదురా. తెలిసినాక నోరు రాలా. ఈ పాప ఏడిస్తే ఇంక తట్టుకోలేకపోయినా. కింద చెప్తే కొడతారని ఈడికెక్కి చెప్తా ఉండా. ఇప్పుడేం చేసుకుంటారో చేసుకోండి."

నాయన ఒక్కో మెట్టూ దిగాడు. నిచ్చెనను చూరు నుంచి లాగి నేల మీద పడుకోబెట్టాడు. ఒక కొస ఎత్తి పట్టుకున్నాడు. మొహం ఎర్రగా ఉంది, ఏడుపో నవ్వో నాకు తెలియలేదు.

"రేయ్ చిన్నోడా," అన్నాడు, "ఆ కొస పట్టుకో."

చిన్నాయన ఒక్క క్షణం చూసి, పంచెకు చేతులు తుడుచుకుని, రెండో కొస ఎత్తాడు. ఇద్దరూ నిచ్చెన మోసుకుంటూ పెరటి గోడ పక్కగా నడిచారు. ముందు నాయన, వెనక చిన్నాయన, ఒకే అడుగు.

"రేయ్! రేయ్! నేనెట్ట దిగాలిరా?" అని పైనుంచి కేక.

"ఆడ్నే ఉండు!" అన్నాడు చిన్నాయన వెనక్కి తిరక్కుండానే. "పెళ్లినాడు ఇద్దురం కలిసి వచ్చి దించుతాం!"

మా అత్త మొత్తం ఎర్రబడిన ఆ ఇంటి నడినెత్తిన, తడిచీరతో, ఒక కాలు మా సగం మీద, ఒక కాలు వాళ్ల సగం మీద వేసుకుని, కడుపు పట్టుకుని నవ్వుతూ కూర్చుంది. దిగాలన్న తొందర ఆమెకేమీ లేదు.