పెన్‌డ్రైవ్‌లో పట్టిన చరిత్ర

ఒక్క మౌసుతో మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీ మొత్తానికి చరిత్ర అందకుండా చేసిన ఘనత నాది. మీరు నవ్వండి, పరవాలేదు. ఆ రోజు మా క్లాసు మాత్రం ఏడ్చింది.

ఎం.ఏ. చరిత్ర చదివే రోజులు. సోమవారంలోగా ప్రాజెక్టు ఇవ్వకపోతే పరీక్షకు కూర్చోనివ్వనని సార్ తేల్చి చెప్పేశారు. నా అంశం ఆలంపూర్ గుళ్లు. కావలసిన వ్యాసాలన్నీ ఆన్‌లైన్ లైబ్రరీలో ఉన్నాయి. కాలేజీ కంప్యూటర్ ముందు కూర్చుంటే ఉచితం.

మా కొత్తకోట ఇంట్లో నల్లా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిందంటే బిందెలు, బకెట్లు, ఆఖరికి పప్పుగిన్నె కూడా నింపాల్సిందే. "మల్లెప్పుడొస్తదో ఏమో, ముందుగాల పట్టు బిడ్డా" అని అమ్మ తరిమేది. అలా పెరిగిన పిల్ల ఉచిత వ్యాసాలు కనిపిస్తే ఊరుకుంటుందా? పెన్‌డ్రైవ్‌లోకి పట్టడం మొదలుపెట్టాను. ఆలంపూర్ అయ్యాక శ్రీశైలం, తర్వాత మొగలులు, చివరికి నాకే సంబంధమూ లేని ఈజిప్టు రాజులు.

పక్క కంప్యూటర్‌లో నా స్నేహితురాలు మంజుల బుద్ధిగా చదువుకుంటోంది.

"ఏందే, చదువుతలేవు గానీ దింపుడే పనా?"

"చదువుడు తర్వాత. రేపు గిది బందయితే ఏం జేస్తవ్?"

రేపటిదాకా ఆగలేదు. సాయంత్రానికే తెర మీద ఎర్ర అక్షరాలు: ఇక్కడ ఎవరో మితిమీరి దింపుకుంటున్నారు, అందుకని మీ కాలేజీకి వారం పాటు ప్రవేశం లేదు.

"నా వ్యాసం సగంల ఉండె గదనే" అని మంజుల కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంతలో సార్ వచ్చారు.

"ఎవరమ్మా గీ పని జేసింది?"

"నేనే సార్. ఫికర్ చెయ్యకున్రి, అన్నీ నా పెన్‌డ్రైవ్‌ల ఉన్నయి. అందరికీ పంచుత."

క్లాసంతా నా వెనక వరుస కట్టింది. దోషిని కాస్తా నిమిషంలో దాతనైపోయాను. దర్జాగా మొదటి ఫైలు తెరిచాను. ఒకటే పేజీ. కింద "మిగతా వ్యాసం కోసం లాగిన్ అవ్వండి" అని ఉంది. రెండోదీ అంతే. ఈజిప్టు రాజులదీ అంతే. తొందరలో నేను నొక్కిందంతా నమూనా పేజీ బటనే.

సార్ అందరికీ వారం గడువిచ్చారు. "ఈమె మాత్రం ఈజిప్టు రాజుల మీద రాస్తది. గంత ఇష్టంగ దింపుకున్నది గదా" అన్నారు.

రాశాను. ఆ రోజే ఆలంపూర్ దిక్కుకు తిరిగి చెంపలేసుకుని ఒట్టు పెట్టుకున్నాను, రెండో పేజీ చూడనిదే దేన్నీ నమ్మనని. ఇప్పటికీ పెళ్లి శుభలేఖ ఎవరిచ్చినా, ముందు వెనక్కి తిప్పి చూసిగానీ అక్షింతలు సిద్ధం చేసుకోను.